అడిగినవాడికే పని

ఆ బోర్డు సమావేశమంత హాయైన సమావేశం భూమ్మీద ఇంకోటి ఉండదు. అయిదుగురూ వచ్చేవాళ్ళు, కూర్చునేవాళ్ళు, టీ తాగేవాళ్ళు, చేతులెత్తేవాళ్ళు, లేచి వెళ్ళిపోయేవాళ్ళు. గ్లాసులో టీ చల్లారేలోపు అన్నీ ఆమోదం పొందేవి. గొడవ లేదు, అరుపు లేదు, ఒక్క ప్రశ్న లేదు.

ప్రశ్న ఎందుకు లేదంటే దానికో కట్టుబాటు ఉంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోగులకి చక్రాల కుర్చీలు, చంక కర్రలు, మంచాలు ఉచితంగా అరువిచ్చే సంఘం అది. దాన్ని పెట్టిన పెద్దాయన, పని చెయ్యకుండా సలహాలు దంచేవాళ్ళతో విసిగిపోయి, మొదటి రోజుల్లోనే ఒక మాట అన్నాడు: "ప్రశ్న అడిగినవాడే ఆ పని చెయ్యాలి." ఆ దెబ్బకి వాగుడుకాయలు పారిపోయారు. వాళ్ళ వెనకే ప్రశ్నలూ పారిపోయాయి. పెద్దాయన ఫోటోలోకి ఎక్కి గోడమీద కూర్చున్నాక కూడా ఆ మాట కిందే ఉండిపోయింది.

సంఘం ఉండేది ఒక పాత లారీల షెడ్డులో. పురపాలక సంఘం అద్దె లేకుండా ఇచ్చింది. రేకుల కప్పు, నూనె మరకల నేల, మేకులకి వేలాడే చంక కర్రలు, ఎవరికీ అందనంత ఎత్తులో ఒకే ఒక్క కిటికీ. మునుపు బోర్డువాళ్ళు బాగుచేసిన చక్రాల కుర్చీల్లోనే కూర్చునేవాళ్ళు. అదీ పెద్దాయన పద్ధతే. మీటింగు ముగిసేసరికి ఏ కుర్చీ కిర్రుమంటోందో, ఏది పక్కకి లాగుతోందో తెలిసిపోయేది. ఈమధ్య కుర్చీలు లేక బోర్లించిన రంగు డబ్బాల మీద కూర్చుంటున్నారు. కుర్చీలేమయ్యాయని ఎవరైనా అడిగారా? అడగరు. అడిగితే వెతకాలి.

ఇప్పుడా బోర్డుకి అధ్యక్షురాలు వెల్డింగు వదిన. గేటు, గ్రిల్లు, విరిగిన మంచం కోడు, ఇనుముతో చేసిందేదైనా ఆమె చేతిలో పడితే మళ్ళీ నిలబడాల్సిందే. ఆ పని ఆమె నేర్చుకున్నది ఈ షెడ్డులోనే, పెద్దాయన దగ్గరే. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో నోట్లో మాట లేని పిల్ల. మొదటిసారి నిప్పురవ్వలు చూసి జడుసుకున్న పిల్ల. ఈ రేకుల కిందే మనిషైంది. అందుకే పొద్దున తాళం తీసేటప్పుడు తలుపుని ఒక్కసారి చేత్తో తట్టి లోపలికి వెళ్తుంది, గొడ్డుని నిమిరినట్టు.

మిగతావాళ్ళు నలుగురు. సెలూను బాబాయి. మందుల షాపాయన. రిటైరైన డ్రాయింగు మేష్టారు. ఇక నాలుగో ఆవిడ స్వయానా వదిన అత్తగారు. ఇంట్లో గోడకి కూడా జవాబు చెప్పే అవకాశం ఇవ్వనావిడ, బోర్డులో మాత్రం నోరు మెదపదు.

ఆ నెల మీటింగుకి ఆడిటరు వచ్చింది. సెలూను బాబాయికి మేనకోడలు. సంఘం రిపోర్టు ఏటా పైసా తీసుకోకుండా పంపిపెట్టేది ఆమే. రంగు డబ్బా మీద కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టింది.

"ఈ ఏడు పన్ను శాఖవాళ్ళు కొత్త రిపోర్టు అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ మీరు చూడకుండా సంతకాలు పెట్టారు, నేను పంపాను. ఇక కుదరదు. రిపోర్టుని బోర్డంతా కూర్చుని చదవాలి. ఎవరేం అడిగారో, ఎవరేం చెప్పారో రాయాలి. దానంగా వచ్చిన వస్తువులు ఇప్పుడెక్కడున్నాయో రాయాలి. వాటిని బోర్డువాళ్ళు గానీ వాళ్ళ చుట్టాలు గానీ వాడుకుంటుంటే అదీ రాయాలి."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు సెలూను బాబాయి. "మేం అడిగినట్టుగా నాలుగు ప్రశ్నలు నువ్వే రాసి పడెయ్యమ్మా."

"రేపు వాళ్ళు ఫోన్ చేసి మీరేం అడిగారో చెప్పండంటే ఏం చెప్తావ్ మామయ్యా?"

"సెలూన్లో గిరాకీ ఉందంటాను."

ఆడిటరు సమావేశాల పుస్తకం తిరగేసింది. ఒకచోట ఆగింది. "ఇదేంటి? వచ్చే నెల మీటింగుకి ఇప్పుడే అయిదు సంతకాలున్నాయి!"

"ముందుచూపు," అన్నాడు బాబాయి, మీసం సర్దుకుంటూ.

మేష్టారు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆడిటరు నవ్వలేదు. "వినండి. రిపోర్టు సరిగ్గా వెళ్ళకపోతే పన్ను మినహాయింపు తీసేస్తారు. మినహాయింపు లేని సంఘానికి ఈ షెడ్డు ఉండదు. ఇచ్చినప్పుడే పురపాలక సంఘం ఆ షరతు పెట్టింది. నెలాఖరు దాకా టైముంది. మీరు నిజంగా అడిగితే నిజంగా రాస్తాను. నాటకం ఆడితే నా సంతకం పడదు."

వదిన కళ్ళు తలుపు మీదకి పోయాయి. పొద్దున తట్టిన తలుపు. ఆ తలుపు దగ్గరే, మీటింగు అయ్యేదాకా ఆగుదామని, తాపీ మేస్త్రి భార్య నిలబడి ఉంది. మేస్త్రి గోడ కట్టడానికి నిలబెట్టిన సారువ కర్రల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మంచానికి అతుక్కుపోయిన మనిషిని కనీసం గుమ్మం దాకా తెచ్చి నాలుగు మొహాలు చూపిద్దామని ఆమె ఆశ. రోజూ వస్తోంది.

"కుర్చీ ఏమైనా వచ్చిందా వదినా?"

"రాలేదమ్మా. రేపు చూడు."

ఆ రేపు అనే మాట ఆ రోజు వదిన నోటికే చేదుగా తగిలింది. షెడ్డే పోతే ఇక రేపు అని చెప్పే వీలు కూడా ఉండదు.

వదిన ఊరుకునే రకం కాదు. అతుకు ఊడితే మళ్ళీ వెయ్యడం తెలిసిన మనిషి. మర్నాడే చీటీలు కోసి, ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న రాసి, అందరినీ పిలిచి పంచింది. ఆడిటరు పుస్తకం తెరిచి పక్కన కూర్చుంది.

సెలూను బాబాయి లేచి, గొంతు సవరించుకుని చదివాడు: "బాబాయి కోసం. గట్టిగా చదవాలి. మన సంఘం వస్తువుల జాబితా ఎవరి దగ్గరుంది?" చదివేసి గబుక్కున డబ్బా మీద కూర్చుని, "నాకు తెలుసుకోవాలని లేదు, ఊరికే చదివా," అని పెద్దాయన ఫోటోవైపు చూసి మరీ చెప్పాడు.

మందుల షాపాయన తన చీటీ లోపల్లోపలే చదువుకుని, అలవాటు ప్రకారం చెయ్యెత్తి, "ఆమోదం," అన్నాడు.

"మీరడగాల్సిన ప్రశ్నని మీరే ఆమోదిస్తే ఎలా అన్నయ్యా?" అంది వదిన.

"మంచి ప్రశ్నమ్మా. అందుకే ఆమోదించా."

మేష్టారు తన చీటీ వెనక ఆడిటరు బొమ్మ గీసి ఆమె చేతికిచ్చాడు. బొమ్మలో కూడా ఆమె నవ్వలేదు. అత్తగారైతే చీటీ మడిచి రొంటిన దోపుకుని, "కళ్ళజోడు తేలేదు," అంది. కళ్ళజోడు ఆవిడ ముక్కు మీదే ఉంది.

ఆడిటరు పుస్తకం మూసేసింది. "ఇది మీటింగా, బడి వార్షికోత్సవమా? రాసిచ్చింది చదివితే ప్రశ్న అవదు వదినా. తెలియక అడిగితే ప్రశ్న."

గుర్రాన్ని నీళ్ళ దాకా తీసుకెళ్ళొచ్చు గానీ తాగించలేమని ఎవరన్నారో గానీ, వాళ్ళు కచ్చితంగా ఏదో ఒక బోర్డులో పనిచేసే ఉంటారు.

సాయంత్రం వదిన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. చెప్పులు విప్పిందో లేదో అత్తగారు అందుకుంది.

"ఏమే, ఇంతసేపా? దారిలో ఎవరు కలిశారు? ఆ సంచిలో ఏంటి? ఉప్పు తెచ్చావా? తేలేదా? ఎందుకు తేలేదు? మొన్న తెచ్చిన ఉప్పేమైంది? ఉప్పుతో గేట్లు అతికిస్తున్నావా ఏంటి?"

వదిన వసారాలో గుమ్మానికి ఆనుకుని కూలబడింది. ఉతికిన బట్టలు ఆరిపోయి పక్కనే ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి ఒళ్ళో వేసుకుంటూ అత్తగారిని చూసింది.

"అత్తయ్యా, ఒక్క మాట అడుగుతా. ఇంట్లో ఊపిరి తిప్పుకోకుండా ఇన్ని అడుగుతారే, అక్కడ ఒక్కటంటే ఒక్కటి అడగరేం?"

"అడిగితే పని నెత్తికెక్కుతుంది కనక," అంది అత్తగారు, ఇది కూడా తెలీదా అన్నట్టు. "మీ మామగారు అడిగాడుగా. బోర్డులో చేరిన మొదటిరోజే, ఈ షెడ్డుకి కిటికీ ఎందుకు లేదండీ అని. అంతే. సుత్తి చేతికిచ్చారు. గోడ పగలగొట్టడం రాదు, చెక్క కొయ్యడం రాదు. ఆ కోపంతో ఎవరికీ అందకుండా అంత ఎత్తున పెట్టాడు. చివరిదాకా ఇంకో ప్రశ్న అడిగితే ఒట్టు. నన్ను పెళ్ళిచూపుల్లో అడిగిన ప్రశ్నలే ఎక్కువ."

వదిన ఫక్కున నవ్వింది. ఒళ్ళో బట్టలు కిందపడ్డాయి. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే అమ్మే చీపురు చేతికిచ్చే చోట ఎవడు నోరు తెరుస్తాడు? తప్పు మనుషుల్లో లేదు. బిగించిన చోట తప్పుంది. ఈ నట్టు తిరగేసి బిగించాలి.

"అత్తయ్యా, రేపు మీటింగు."

"మళ్ళీనా? టీ ఉంటుందా?"

"ఉంటుంది."

మర్నాడు అందరూ డబ్బాల మీద సర్దుకున్నాక వదిన పెద్దాయన ఫోటో ముందు నిలబడింది. దణ్ణం పెట్టింది. "నువ్వు పెట్టిన మాట మంచిదే బాబూ. కానీ తుప్పు పట్టింది," అని ఇటు తిరిగింది. "ఇవాళ్టి నుంచి అడిగినవాడికి పని లేదు. జవాబు చెప్పలేనివాడిదే పని. నాతో సహా."

మందుల షాపాయన చెయ్యి సగం లేచి గాల్లో ఆగిపోయింది. ఆమోదించాలో లేదో ఆయనకి మొదటిసారి తెలియలేదు.

"అంటే," అంది అత్తగారు మెల్లగా, "నేనడిగితే నా నెత్తిన పడదు?"

"పడదు."

"ఒట్టు?"

"మీ మీదొట్టు."

"నా మీదెందుకు, నీ మీద వేసుకో." అత్తగారు చీర కొంగు బిగించి డబ్బా మీద సర్దుకుంది. ఎన్నేళ్ళుగానో గొంతులో దాచుకున్న మనిషి కదా, మొదటిదే ఉండేలు దెబ్బలా వదిలింది. "మన వసారాలో బట్టలారేస్తున్నామే, చక్రాల కుర్చీ. అదెవరిది?"

అత్తగారి తుంటి ఎముక విరిగినప్పుడు తెచ్చిన కుర్చీ అది. ఎముక అతుక్కుంది. ఆవిడ లేచి నడిచింది, పరిగెత్తింది, మేడమెట్లెక్కి పక్కింటివాళ్ళతో గొడవపడి దిగొచ్చింది. కుర్చీ మాత్రం వసారాలోనే ఉండిపోయింది. ఒకరోజు దాని మీద తువ్వాలు వేశారు. మర్నాడు చీర. ఆ తర్వాత అది కుర్చీ అన్న సంగతే ఇంట్లో అందరూ మర్చిపోయారు. నిన్న సాయంత్రం వదిన బట్టలు తీసింది దాని మీంచే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లో కుర్చీ పెట్టుకుని మేస్త్రి భార్యకి రోజూ రేపు రమ్మని చెప్తోంది.

"సంఘానిది," అంది వదిన. "అధ్యక్షురాలి ఇంట్లో ఉంది. అందులో బట్టలు తప్ప ఎవరూ కూర్చోవడం లేదు. రాయమ్మా."

ఆడిటరు రాసింది. "బంధుత్వం కూడా రాయాలి వదినా. అధ్యక్షురాలు, సభ్యురాలు, అత్తాకోడళ్ళు."

"రాసుకో," అంది అత్తగారు. "మాకిద్దరికీ పడదని కూడా రాసుకో. అప్పుడు కుమ్మక్కయ్యారని ఎవడూ అనడు."

వదిన కళ్ళలో నీళ్ళు తిరగబోయినవి కాస్తా నవ్వుగా మారిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆమె చూపు మిగతా ముగ్గురి మీద పడింది. ముగ్గురూ దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నారు.

"ఏం బాబాయీ, చెమటలు పడుతున్నాయ్?"

"ఫ్యాను లేదు కదమ్మా."

"మామయ్యా," అంది ఆడిటరు, కలం పట్టుకుని. "సెలూన్లో పిల్లలకి జుట్టు కత్తిరించేటప్పుడు గుండ్రంగా తిప్పుతావు చూడు, ఆ కుర్చీ. చిన్నప్పుడు నేనూ ఎక్కా. అది సెలూను కుర్చీయేనా?"

బాబాయి పైకప్పుకేసి చూశాడు. నేలకేసి చూశాడు. మేనకోడలికేసి మాత్రం చూడలేదు. "తిప్పితే పిల్లలు ఏడవరమ్మా," అన్నాడు నీరసంగా.

ఇక గట్టు తెగింది. మందుల షాపాయన లేచి నిలబడి, తానుగా, ఎవరూ అడక్కుండానే, మందుల పెట్టెలు గోడౌను నుంచి షాపుకి ఏ బండి మీద తోస్తున్నాడో చెప్పేశాడు. దానికీ చక్రాలున్నాయి, చేతులు పెట్టుకునే పట్టీలున్నాయి. డ్రాయింగు మేష్టారు తన ఇంట్లో ఉన్నదాన్ని మాటల్లో చెప్పలేక బొమ్మ గీసి చూపించాడు: చక్రాల కుర్చీలో మహారాజులా పడుకున్న పిల్లి. తిలాపాపం తలా పిడికెడు. దానం చేసినవాడు సంఘం చేతిలో పెడితే, సంఘం తన చేతులకే పంచిపెట్టుకుంది. మోసగాళ్ళు కారు వీళ్ళు. సేవ చేస్తున్నామన్న ధీమాలో చూపు మందగించిన మంచివాళ్ళు, అంతే. మంచివాళ్ళని ప్రశ్న అడక్కుండా వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే ఆ షెడ్డులో ఆ రోజు ఉండాలి.

ఆడిటరు ఒక్కతే హుషారుగా ఉంది. "ఇదే! ఇదే కావాలి నాకు! ఉన్నది ఉన్నట్టు రాస్తే మినహాయింపు ఎవరూ తీసెయ్యరు. దాచిపెడితేనే తీసేస్తారు. ఇంకా అడగండి!"

అడిగారు. టీ చల్లారింది. మళ్ళీ కాచారు, మళ్ళీ చల్లారింది. పాత మంచాలు ఎవరి గోడౌనులో ఉన్నాయి? బాగుచెయ్యడానికి సామాను ఎవరి కొట్లో కొంటున్నాం, ఆ కొట్టువాడు బాబాయికి బావమరిదా కాదా? ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. మేష్టారు తన ప్రశ్నకి వంతు రాలేదని అలిగాడు. మందుల షాపాయన ఒక్కడే గుక్కతిప్పుకోకుండా అడుగుతూ పోయాడు. ఆయనకి గొంతుందని, అదీ ఇంత లావు గొంతని, ఎవరికీ తెలియదు. జవాబు దొరకని ప్రతిచోటా ఒక పేరు పడింది, ఆ పేరుకి ఒక పని పడింది.

మర్నాటి పొద్దున ఆ వీధి జనం ఒక చిత్రం చూశారు. ముందు వెల్డింగు వదిన చక్రాల కుర్చీ తోసుకుంటూ వస్తోంది. కుర్చీలో అత్తగారు, ఒళ్ళో ఉతికిన తువ్వాలుతో, నడుము నిటారుగా.

"దిగి నడవొచ్చుగా అత్తయ్యా?"

"బట్టలకున్న విలువ నాకు లేదా? తోయి తోయి. ఎడంపక్క చక్రం కిర్రుమంటోంది, రాసుకో."

వాళ్ళ వెనక సెలూను బాబాయి తన కుర్చీతో. ఆ వెనక మందుల షాపాయన. ఆ వెనక మేష్టారు, పిల్లితో సహా, ఎందుకంటే అది దిగనంది. వీధి పొడుగునా కిటికీలు తెరుచుకున్నాయి.

"ఏంటండీ ఇది?"

"సంఘం కుర్చీలు తిరిగిచ్చేస్తున్నాం," అని గట్టిగా అరిచింది అత్తగారు. "మీ ఇంట్లోనూ ఉందా?"

కాసేపటికి ఒక తలుపు వెనక ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. బూజు పట్టిన కుర్చీ ఒకటి బయటికొచ్చింది. ఎదురింట్లోంచి వాకరు వచ్చింది, ఇంకో ఇంట్లోంచి చంక కర్రల జత. "మేమే ఇద్దామనుకుంటున్నాం, ఎవరికివ్వాలో తెలీక..." అన్నారు అందరూ, ఒకరిని చూసి ఒకరు. అబద్ధం కాదది. వాళ్ళనీ ఎవరూ అడగలేదు మరి.

షెడ్డు నిండిపోయింది. మధ్యాహ్నం దాకా వదిన తలెత్తలేదు. నట్లు బిగించింది, ఇరుసులకి నూనె వేసింది, వసారాలో ఎండకి ఎండి వానకి తడిసిన కుర్చీకి కొత్త పాదాల పట్టీ అతికించింది. మేస్త్రి భార్య అలవాటు ప్రకారం తలుపు దగ్గరికొచ్చి, లోపలికి చూసి, అడగాల్సింది మర్చిపోయింది.

"తీసుకెళ్ళు," అంది వదిన, ఆ కుర్చీనే ఆమెవైపు తోసి. "ముందే ఇవ్వాల్సింది. ఇన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంది. నన్ను తిట్టుకో."

"తర్వాత తిడతాలే వదినా, ముందు ఆయన్ని బయటికి తేనీ," అంది ఆమె నవ్వుతూ. రెండడుగులు తోసి వెనక్కి తిరిగింది. "మరి ఆయన నడిచాక దీన్ని ఎప్పుడివ్వాలి? ఎవరికి చెప్పాలి? మేం మర్చిపోతే మీకెలా తెలుస్తుంది?"

అయిదుగురూ మొహమొహాలు చూసుకున్నారు. ఇన్నేళ్ళ సంఘంలో ఈ ప్రశ్న ఒక్కళ్ళకీ రాలేదు. ఎవరి దగ్గరా జవాబు లేదు. అంటే పని అయిదుగురిదీ.

"అమ్మాయ్," అంది ఆడిటరు, కలం ఎత్తి, "బోర్డులో చేరతావా?"

నెలాఖరు రాకముందే రిపోర్టు వెళ్ళింది, చదివిన రిపోర్టు, అడిగిన ప్రశ్నలు, దొరికిన కుర్చీలు, అన్నిటితో. ఈసారి సంతకాలు పెట్టేముందు అందరూ కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి ఆడిటరు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. మినహాయింపు ఉంది. షెడ్డు ఉంది. ఆమె మొట్టమొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది. మేష్టారు వెంటనే ఆమె పుస్తకంలోంచి పాత బొమ్మ తీసి నోరు దిద్దాడు. బోర్డంతా తలో చక్రాల కుర్చీలో కూర్చుని టీ తాగారు. ఒక్క కుర్చీ కిర్రుమనలేదు.

వదిన ఆ రోజు తలుపుని రెండుసార్లు తట్టి తాళం వేసింది. వీధి చివర తాపీ మేస్త్రి గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని, దారినపోయే ప్రతివాడి ఇంటి గోడకీ వంక పెడుతున్నాడు. ఆమెని చూసి చెయ్యెత్తాడు.

ఇంటి దగ్గర అత్తగారు తడిబట్టల బకెట్టుతో ఖాళీ వసారాలో నిలబడి ఉంది.

"ఏమే పిల్లా, కుర్చీ ఇచ్చేశావ్. బాగానే ఉంది. మరి ఇవెక్కడ ఆరెయ్యాలి?"

వదిన నోరు తెరిచింది. జవాబు తట్టలేదు. నోరు మూసుకుంది. కట్టుబాటు కట్టుబాటే. నవ్వుకుంటూ సంచిలోంచి టేపు తీసి, బట్టల స్టాండుకి ఎంత ఇనుము కావాలో వసారా కొలవడం మొదలుపెట్టింది.